పిస్తోలు కోర్సుకి వెళ్ళేముందు

ఎనభైల మొదట్లో మేము టెక్సాస్‌లో పత్తి పొలాల మధ్య ఉన్న ఒక చిన్న ఊళ్ళో ఉండేవాళ్ళం. మా ఆయన దగ్గర్లోని ఆయిల్ కంపెనీలో ఇంజనీరు. నేను విశాఖపట్నంలో బి.ఫార్మసీ చదివాను. ఇక్కడికొచ్చాక మళ్ళీ కాలేజీకి వెళ్ళి, పరీక్షలు రాసి, లైసెన్స్ తెచ్చుకుని, ఆ ఊరికి ఉన్న ఒకే ఒక మందుల షాపులో చేరాను. షాపు ఓనరు కూడా ఫార్మసిస్టే. అరవై దాటిన మనిషి, భార్య పోయింది. మాట తక్కువ. నన్ను ఉద్యోగంలోకి తీసుకున్న రోజున కూడా, "తెల్ల కోటు వెనక కొక్కేనికి ఉంది, సైజు చూసుకో" అన్నాడు తప్ప ఇంకో మాట అనలేదు.

ఆయనకి చేతులు వణికే జబ్బు ఉండేది. ఆ సంగతి ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. నాకు కూడా నోటితో చెప్పలేదు. కానీ ఆయన మందు కట్టేది నేనే కాబట్టి తెలుసు. మాత్రలు లెక్కపెట్టే పని మెల్లమెల్లగా నా వైపుకి వచ్చేసింది. సీసాల మీద లేబుల్ అంటించడం కూడా నేనే. ఆయన కౌంటర్ దగ్గర నిలబడి, చేతులు జేబుల్లో పెట్టుకుని, వచ్చినవాళ్ళతో వర్షం గురించి మాట్లాడేవాడు.

ఒక రోజు మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక టోపీ పెట్టుకున్న కుర్రాడు ఒకడు వచ్చాడు. దగ్గు మందులున్న అరల దగ్గర కాసేపు తిరిగి, కౌంటర్ ముందుకొచ్చి, జాకెట్‌లోంచి పిస్తోలు తీశాడు. నొప్పి మాత్రలు, అవీ బలమైనవి, తాళం వేసి ఉంచేవి కావాలన్నాడు. ముక్కు కారుతోంది, జాకెట్ చేతికి తుడుచుకుంటున్నాడు. ఇద్దర్నీ చేతులు పైకెత్తమన్నాడు. ఎత్తాం. మా ఓనరు కుడి చెయ్యి గాల్లో గడగడ వణకడం మొదలుపెట్టింది.

"ఆ చెయ్యి ఆపు" అని అరిచాడు వాడు. ఆయన ఆపలేకపోయాడు. ఆపాలని ప్రయత్నించినకొద్దీ ఇంకా వణికింది. దేనికోసమో చెయ్యి చాచబోతున్నాడనుకున్నాడో ఏమో, వాడు పిస్తోలు ఆయన ముఖం వైపు తిప్పాడు.

"అది జబ్బు" అన్నాను నేను. "ఆయన చేతులు ఎప్పుడూ అలాగే ఉంటాయి. మందు వాడుతున్నాడు. ఆ మందు ఇచ్చేది నేనే."

ఆ మాటలు అంత నెమ్మదిగా ఎలా వచ్చాయో నాకు తెలియదు. ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు మామూలుగా నేను ఒకటికి రెండుసార్లు తడబడేదాన్ని. వాడు ఆ చేతి వంక చూశాడు. నన్ను చూశాడు. తర్వాత తాళం తీయమన్నాడు. తీసి రెండు సీసాలు ఇచ్చాను. తీసుకుని వెళ్ళిపోయాడు. పోలీసులు వచ్చారు, అడిగినవన్నీ చెప్పాం. వాడు దొరికాడో లేదో మాకు ఎప్పుడూ తెలియలేదు.

తర్వాతి వారం షాపుకి వెళ్ళేసరికి క్యాష్ రిజిస్టర్ కింద సొరుగులో ఒక రివాల్వర్ ఉంది. మెత్తటి పసుపు గుడ్డలో చుట్టి ఉంది. చూసి సొరుగు మూసేశాను.

"దీన్ని ఎలా పట్టుకోవాలో తెలియకుండా దీని పక్కన నిలబడి పని చెయ్యలేను" అన్నాను.

"అందుకే నీ పేరు ఒక కోర్సుకి ఇచ్చాను" అన్నాడు. గంట దూరంలో ఒక షూటింగ్ రేంజ్ ఉంది. రిటైరైన పోలీసాయన అక్కడ ఆత్మరక్షణ కోసం పిస్తోలు వాడటం నేర్పుతాడు. శని, ఆదివారాలు రెండు రోజులు. ఇంకా నెలన్నర టైముంది. "ఇష్టం లేకపోతే చెప్పు, తీయించేస్తాను" అని, చేతులు జేబుల్లో పెట్టుకుని ముందుకి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ఇంట్లో చెప్పాను. అప్పుడు మా అత్తయ్య గుంటూరు నుంచి వచ్చి మాతో ఉన్నారు. మా పాపకి నాలుగేళ్ళు. మా ఆయన అన్నం కలుపుకుంటున్నవాడల్లా ఆగిపోయాడు.

"ఉద్యోగం మానెయ్" అన్నాడు.

"మానేస్తే ఈ ఊళ్ళో ఇంకో షాపు లేదండీ."

"అయితే ఇంట్లో కూర్చో కొన్నాళ్ళు. మందులు అమ్మేదానివి నువ్వు, నీకు తుపాకీ ఏవిటి?"

ఆయన మాటలో నాకూ తప్పేమీ కనిపించలేదు. మా అత్తయ్య పాపకి పెరుగన్నం తినిపిస్తూ, "నేర్చుకున్నంత మాత్రాన కాల్చాలని ఎక్కడుందిరా?" అన్నారు. "నేను కారు నేర్చుకోలేదు. మీ నాన్న పోయాక ఆ కారు షెడ్డులో తుప్పుపట్టిపోయింది. దాన్ని చూసినప్పుడల్లా, కనీసం పక్కకి జరపడం వచ్చినా బాగుండేది అనుకునేదాన్ని."

"కారూ తుపాకీ ఒకటేనా అమ్మా?"

"కాదు. అందుకే ఇది ఇంకా జాగ్రత్తగా నేర్చుకోవాలి."

చివరికి మా ఆయన ఒక్క షరతు పెట్టాడు. ఆ వస్తువు ఇంటి గడప దాటి లోపలికి రాకూడదు, ఖాళీగా ఉన్నా సరే. నాకూ అదే కావాలి. సరేనన్నాను.

కోర్సు వాళ్ళు పంపిన కాగితంలో ఏమేం తెచ్చుకోవాలో రాసి ఉంది. గట్టి బెల్టు, బెల్టు పట్టే లూపులున్న ప్యాంటు, మెడ దాకా గుండీలున్న చొక్కా, టోపీ, కళ్ళద్దాలు, చెవులకి మూతలు. మెడ మూసిన చొక్కా ఎందుకో నాకు అర్థం కాలేదు. మా ఓనరుని అడిగితే, పక్కవాళ్ళ పిస్తోళ్ళలోంచి కాల్చిన గుండ్ల తొడుగులు వేడివేడిగా ఎగిరి పడతాయని, మెడలోంచి లోపలికి జారితే చర్మం కాలుతుందని, ఆ మంటకి మనిషి చేతిలో తుపాకీ ఉన్న సంగతి మర్చిపోయి గెంతుతాడని చెప్పాడు.

నేను షాపుకి ప్యాంటుతోనే వెళ్ళేదాన్ని, కానీ బెల్టు ఎప్పుడూ పెట్టలేదు. ఆడవాళ్ళ బెల్టులు అన్నీ రిబ్బన్లలా ఉన్నాయి. రివాల్వర్ పెట్టుకోవడానికి మా ఓనరు ఇచ్చిన తోలు ఒర వాటికి తగిలిస్తే కిందికి వేలాడిపోయింది. చివరికి బూట్ల షాపులో మగపిల్లల బెల్టు ఒకటి దొరికింది. అది కూడా నా నడుముకి వదులే. షాపాయన ఎవరికి అని అడిగాడు. నాకే అన్నాను. ఎందుకని అడగకుండా, సుత్తి, మేకు తెచ్చి ఇంకో మూడు చిల్లులు కొట్టిపెట్టాడు.

ఇంటికొచ్చి అన్నీ వేసుకుని అద్దంలో చూసుకుంటే నవ్వొచ్చింది. మా పాప, "అమ్మా, నువ్వు గుర్రం ఎక్కుతావా?" అని అడిగింది. అత్తయ్య మాత్రం నా మెడ వంక చూశారు. "సూత్రాలు చొక్కా లోపలికి వేసుకుని ఒక పిన్నీసు పెట్టుకో. చేతుల గాజులు తీసెయ్, గీసుకుంటాయి. రెండ్రోజులకి ఏమీ కాదులే" అన్నారు. వెళ్ళే ముందు రోజు రాత్రి ఆవిడే నా గాజులు తీసి, అలమారలో గుడ్డ మీద పెట్టారు.

చేతులకి బలం చాలదని మొదటి వారమే తెలిసింది. షాపులో రెండు చేతులతో ఖాళీ రివాల్వర్ చాచి పట్టుకుంటే కాసేపటికే భుజాలు వాలిపోయేవి. ఇంట్లో దాని బదులు ఇస్త్రీ పెట్టె పట్టుకున్నాను. పొద్దున్న స్టవ్ మీద పాలు పొంగేదాకా దాన్ని ఎదురుగా చాచి నిలబడేదాన్ని. ఒకసారి మా ఆయన కాఫీకి వంటింట్లోకి వచ్చి నన్నలా చూసి, పాలు దించి, కాఫీ కలుపుకుని వెళ్ళాడు. మర్నాడు ఆఫీసు నుంచి వస్తూ పిండుకోవడానికి రబ్బరు బంతి ఒకటి తెచ్చి నా పక్కన పెట్టాడు.

అసలు సాధన ఆదివారాలు మధ్యాహ్నం, షాపు మూసి ఉన్నప్పుడు, వెనక గదిలో. మా ఓనరు ముందు రివాల్వర్ తెరిచి గుళ్ళు పెట్టే అరలన్నీ ఖాళీ అని తను చూసేవాడు, నన్ను చూడమనేవాడు, వేలితో తడమమనేవాడు. గోడకి పాత క్యాలెండర్ కాగితం వెనక్కి తిప్పి అంటించి, మధ్యలో ఒక చుక్క పెట్టాడు. గొట్టం కొసన ఒక చిన్న నాణెం నిలబెట్టి, అది పడకుండా ట్రిగ్గర్ లాగమనేవాడు. మొదట్లో ప్రతిసారీ పడింది. దాన్ని నేనే వంగి తీసుకునేదాన్ని. ఆయన వంగి తీసుకోలేడని ఇద్దరికీ తెలుసు.

ఒక ఆదివారం ఒక అట్టముక్కకి చిల్లు పెట్టి ఇచ్చాడు. రెండు చేతులతో చాచి పట్టుకుని, ఆ చిల్లులోంచి గోడ గడియారం చూడమన్నాడు. తర్వాత ఒక కన్ను మూయమన్నాడు. ఎడమ కన్ను మూసేసరికి గడియారం మాయమైంది. కుడి కన్ను మూస్తే అలాగే ఉంది. "నీది కుడి చెయ్యి, ఎడమ కన్ను" అన్నాడు. "నాణెం పడటం వేరు, గురి ఇన్నాళ్ళూ పక్కకి పోతున్నది మాత్రం ఇందుకే. తల కొంచెం తిప్పు." తల కాస్త కుడికి తిప్పితే గొట్టం కొసనున్న గురి బొడిపె గోడ మీది చుక్కకి సూటిగా నిలబడింది. ముప్పై ఏళ్ళు వచ్చినా నా రెండు కళ్ళలో గురి చూసేది ఏదో నాకు తెలియలేదన్నమాట.

కోర్సుకి ముందు వచ్చిన ఆఖరి ఆదివారం గుళ్ళు నింపడం చూపిస్తానన్నాడు. నిజం గుళ్ళు కావు, మందు లేని ఉత్తుత్తి గుళ్ళు. మొదటిది అరలోకి పెట్టబోయాడు. చెయ్యి వణికి అది బల్ల మీద పడింది. రెండోది నేల మీద పడి మందుల బీరువా కిందికి దొర్లింది. మూడోది తీయబోయి ఆగిపోయి, అన్నీ నా వైపుకి తోశాడు. కుర్చీలో కూర్చున్నాడు.

"ఆ రోజు ఇది నా దగ్గర ఉండి ఉంటే, తీయబోయేవాణ్ణి" అన్నాడు. "వాడు మనిద్దర్నీ కాల్చేవాడు. ఇది నాకోసం కొనలేదు. నేను నిన్ను కాపాడలేనని తెలిసి కొన్నాను."

జబ్బు గురించి ఆయన నాతో మాట్లాడటం అదే మొదలు. నేను గుళ్ళు ఒక్కొక్కటే అరల్లో పెడుతూ, ఆయన ముఖం చూడకుండా, "ఆ రోజు మనల్ని కాపాడింది నిజం చెప్పడం" అన్నాను. "మీ జబ్బు నలుగురికీ తెలియాలని కాదు. ఇంకేం తోచక చెప్పాను."

"మంచిపని చేశావు. కానీ ప్రతివాడూ వినడు."

"మాత్రల కోసం వస్తే నేను మాత్రలు ఇచ్చేస్తాను. దీంతో కాల్చను. కోర్సుకి వెళ్ళి వచ్చాక కూడా అంతే."

"ఇవ్వు. నేనూ అదే చెబుతున్నాను. నా భయం మాత్రలు తీసుకుని కూడా వెళ్ళనివాడి గురించి."

ఆ రాత్రి ఆ మాట మా ఆయనతో చెబితే, "అది నువ్వక్కడికి వెళ్ళి అడగాల్సిన ప్రశ్న" అన్నాడు.

శనివారం పొద్దున్నే అత్తయ్య పులిహోర, అరటిపండ్లు కట్టి ఇచ్చారు. దారిలో షాపు దగ్గర ఆగి ఖాళీ రివాల్వర్ తీసుకున్నాను, సాయంత్రం మళ్ళీ అక్కడే పెట్టి ఇంటికెళ్ళేలా. దారంతా రెండు పక్కలా పత్తి చేలు, నూనె బావుల మీద ఊగే మరలు. రేంజ్‌లో మొత్తం పదిమందిమి ఉన్నాం. ఆడవాళ్ళం ఇద్దరమే. నేను తప్ప అందరూ ఎప్పుడో ఒకప్పుడు తుపాకీ పట్టినవాళ్ళే. నేర్పే పోలీసాయన అందర్నీ బెంచీల మీద కూర్చోబెట్టి, ఎందుకొచ్చారో చెప్పమన్నాడు. నా వంతు వచ్చినప్పుడు ఉన్నదున్నట్టు చెప్పాను. షాపు, కుర్రాడు, మాత్రలు. కాల్చగలనో లేదో నాకు తెలియదని కూడా చెప్పాను. ఎవరైనా నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు.

"మీ తుపాకీ ఎక్కడ ఉంటుంది?" అని అడిగాడాయన.

"సొరుగులో."

"సొరుగులో తుపాకీ ముందు ఎవరి చేతికి అందితే వాళ్ళది. ఒంటి మీద పెట్టుకోండి. లేదా అసలు ఉంచకండి. రెండు రోజుల తర్వాత మీరే నిర్ణయించుకోండి."

రెండు రోజులూ కాల్చాను. మరీ బాగా కాదు, మరీ తీసిపోయినట్టూ కాదు. తల కుడికి తిప్పినంతసేపూ గుళ్ళు కాగితం మీదే పడ్డాయి. మొదటి గుండుకి మాత్రం కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి. భయం కాదు, శబ్దం.

సోమవారం షాపుకి వెళ్ళగానే మా ఓనరు, "ఎలా ఉంది?" అన్నాడు.

"చేతులు నొప్పులు. కానీ ఇప్పుడు దాన్ని చూస్తే భయం లేదు" అన్నాను. తర్వాత పోలీసాయన మాట చెప్పాను. "తెల్ల కోటు కింద దాన్ని కట్టుకుని పిల్లలకి జ్వరం మందు ఇవ్వలేను. సొరుగులో కూడా వద్దు."

వాదిస్తాడనుకున్నాను. "కోర్సుకి వెళ్ళకముందు ఈ మాట అంటే భయంతో అంటున్నావనుకునేవాణ్ణి" అన్నాడు. సొరుగు తెరిచి, రివాల్వర్ ఖాళీ చేసి చూపించమన్నాడు. చేసి చూపించాను. పసుపు గుడ్డలో చుట్టి తన కారులో పెట్టమన్నాడు. ఆ నెలలోనే కౌంటర్ ఎత్తు పెంచి, పోలీస్ స్టేషన్‌కి మోగే గంట ఒకటి పెట్టించాడు. చిల్లర ఇచ్చేటప్పుడు చెయ్యి వణికితే, "కంగారుపడకండి, ఇది జబ్బు" అని తనే చెప్పడం మొదలుపెట్టాడు. జనం ఒకటి రెండు వారాలు జాలిగా చూశారు, తర్వాత మర్చిపోయారు.

ఇంకో రెండేళ్ళు ఆ షాపులోనే పనిచేశాను. తర్వాత మా ఆయనకి హ్యూస్టన్ బదిలీ అయింది. బయల్దేరే ముందు చెప్పిరావడానికి వెళితే, మా ఓనరు కొత్త ఫార్మసిస్టుకి తెల్ల కోటు ఎక్కడుందో చూపిస్తున్నాడు. నన్ను చూసి, ఆ అబ్బాయితో, "ఈవిడ చెప్పింది విను" అని, మా ఇద్దర్నీ అక్కడ వదిలేసి కాఫీ తేవడానికి వెళ్ళాడు.