చెవిపోగుల పుట్టుక అడిగిన శుక్రవారం

ఒకే ఒక్క ప్రశ్నతో ప్రొద్దుటూరులో సగం బంగారు వీధిని మూయించిన ఘనత నాది. నమ్మకపోతే మా అత్తమ్మను అడగండి. అడక్కపోయినా చెబుతుంది.

నా కూతురికి అప్పుడు పదకొండో నెల. ఆ శుక్రవారం పదిన్నరకు రాహుకాలం. ఆలోపు చెవులు కుట్టించకపోతే మళ్లీ మూడో ఏడేనని అత్తమ్మ మమ్మల్ని వెంటబెట్టుకుని జమ్మలమడుగులో మొదటి బస్సే ఎక్కింది. నాకేమో రోజుకో దిగులు లేనిదే అన్నం దిగదు. ఆ వారం దిగులు బంగారం. గనుల్లో పసిపిల్లలు మట్టి మోస్తారని పత్రికలో చదివాను. అలాంటి బంగారం నా బిడ్డ చెవికా?

కంసాలి ఆచారి దుకాణంలో కూర్చోగానే అడిగేశాను.

"ఆచారి మామా, ఈ బంగారం యాడిది? ఎవరి నెత్తురూ అంటలేదు కదా?"

అవి ఫ్యాక్షన్ రోజులని గుర్తుంటే కదా! పక్క బెంచీలో మీసాల మనుషులిద్దరు దిగ్గున లేచారు.

"ఎవరి మనిషివమ్మే నువ్వు?"

"నేనా? బీఎస్సీ బోటనీ..."

"అదేం పార్టీ? యా ఊరిది?"

నేను నోరు తెరిచేలోపే వాళ్లు జీపు దగ్గరికి పరుగెత్తారు. వాళ్ల పరుగు చూసి పక్కంగడి షట్టరు దిగింది. దాన్ని చూసి ఎదురంగడిది. మా ఆచారిదీ దిగింది, మేం లోపలుండగానే.

"దోపిడీ సొమ్ము కొంటాండానని నా మీద పుకారు పుట్టిస్తివి గదమ్మా! నేను కుట్టను, పొండి!"

గడియారంలో పదీ ఐదు.

"ఏమప్పా ఆచారీ, ఇది అడిగేది గనుల్లో పిల్లోళ్ల గురించి. సదువుకునింది గదా, శానా భయం దీనికి," అంది అత్తమ్మ.

"గనులా! ముందే సెప్పకూడదా? పాత సొమ్ము కరిగిస్తే కొత్తగా తవ్వే పనే లేదు."

అత్తమ్మ తన చెవి కమ్మ ఒకటి విప్పి ఇచ్చింది. ఆచారి కరిగించాడు, తీగ లాగాడు, పదీ ఇరవైకి రెండు చెవులూ కుట్టేశాడు. బిడ్డ కంటే నేనే ఎక్కువ ఏడ్చాను. బిడ్డ నా ఏడుపు చూసి నవ్వింది.

ఆనందం పట్టలేక, "ఇదీ నీతిగల బంగారమంటే! అత్తమ్మా, ఈ కమ్మలు మీకెక్కడివి?" అన్నాను.

అత్తమ్మ గొంతు తగ్గించింది.

"మా అత్త పెట్టెలోంచి కొట్టేసినా. పాపం, సచ్చేదాకా దొంగలు పడినారనే అనుకునింది."

బిడ్డ చెవుల సాక్షిగా ఒట్టు: బంగారం పుట్టుక ఏ అంగట్లోనైనా అడుగుతాను. ఇంట్లో పెద్దవాళ్లను మాత్రం ఈ జన్మలో అడగను!