మహబూబ్‌నగర్ చేరని కాపీ

"కాపీ ఆపుమన్న గదా! ఇంట్ల కూసుంటె నా ఫోన్ల కెమెరాలు ఆగిపోతున్నయ్."

"ఆపుత సారూ. రేపు గీ పెట్టె ఖరాబైతె పేషెంట్ల స్కానింగులు యాడికెళ్లి తెస్తరు?"

"నీ నోట్ల మన్నువడ! ఖరాబైనప్పుడు సూద్దాం."

తలుపు ఓరగా ఉండడంతో ఆ నల్లగొండ స్కానింగ్ సెంటర్‌లో బెంచీల మీద కూర్చున్నవాళ్లందరికీ ఈ తగువు వినపడింది. అరిచినవాడు యజమాని నాగేందర్. ఎదురు చెప్పినవాడు అక్కడి కంప్యూటర్లు చూసుకునే భిక్షపతి.

భిక్షపతిది రామన్నపేట. పదేళ్లు కేబుల్ టీవీ వైర్లు లాగుతూ స్తంభాలెక్కాడే తప్ప కాలేజీ మెట్లెక్కలేదు. ఎక్కినవాళ్లకన్నా కంప్యూటర్ల పని అతనికే బాగా వచ్చు. నల్లగొండలో తీసిన ప్రతి స్కానింగుకూ మహబూబ్‌నగర్‌లోని రెండో సెంటర్‌లో ఒక కాపీ ఉండాలి. ఇక్కడ నిప్పంటుకున్నా అక్కడ బతికి ఉంటుంది. సంగతి అంతే. కాని దాన్ని అమర్చినవాడు రోజూ మొత్తం డేటా మొదటి నుంచీ పోయేలా పెట్టిపోయాడు. నెట్ లైను సన్నం. మధ్యలో తెగితే మళ్లీ మొదటికే. నిండిన బిందెను రోజూ ఒంపేసి మళ్లీ నింపినట్టు. భిక్షపతి నెల రోజులు కూర్చుని మార్చాడు. కొత్తగా చేరిందే పోవాలి, అదీ నొక్కి చిన్నది చేసి పోవాలి, తెగితే తెగినచోటనే అందుకోవాలి. పదకొండు గంటల పని నలభై నిమిషాలకు దిగింది. మహబూబ్‌నగర్ సెంటర్‌లో పనిచేసే స్వరూప ఫోన్ చేసి, "అన్నా, అప్పుడే అయిపోయిందా? సగం మింగినవా ఏంది?" అని నవ్వింది. అతనికి దక్కిన మెప్పు అదొక్కటే.

ఆ నలభై నిమిషాలు కూడా నాగేందర్‌కు గిట్టలేదు. సెంటర్‌లో పెట్టిన కెమెరాల బొమ్మా అదే లైన్లో ఆయన ఫోన్‌కు రావాలి. పనివాళ్లలో ఎవరు టీకి పోయారో ఇంట్లో సోఫాలో పడుకుని చూడాలి, అప్పుడు బొమ్మ ఆగకూడదు. సెంటర్ మూసినాక పంపుదామంటే, మూసేటప్పుడు కరెంటు మెయిన్ ఆర్పించడం ఆయనకు అలవాటు. ఛీ, వాడి కెమెరాల కోసం జనం స్కానింగులు గాలికి! ఆపమన్నాడు, భిక్షపతి ఆపాడు.

కాపీ ఆపిన పదకొండో రోజు దసరా, ఆయుధపూజ. స్కానింగ్ మిషన్‌కు బొట్లు పెట్టారు, బాగానే ఉంది. డేటా ఉండే పెట్టెకూ దండ వేశారు. లైట్లు మెరుస్తుంటే అందంగా ఉందని దాన్ని ఆర్పనివ్వలేదు. నాగేందర్ కొబ్బరికాయ ఎత్తాడు.

"సారూ, పక్కకు కొట్టుండ్రి."

"దేవుని పనికి గూడ అడ్డమొస్తవా?"

పెట్టె ఇనుప అంచుకే కొట్టాడు. నీళ్లు జాలీలోంచి లోపలికి కారాయి. చిటచిటమంది, కాలిన వాసన వచ్చింది, లైట్లు పోయాయి. పూజకు వచ్చినవాళ్లు ప్రసాదం తిని పోయారు. పదకొండు రోజుల స్కానింగులు ఎక్కడా లేవు.

మరునాడు మారెమ్మ వచ్చింది. హుజూర్‌నగర్ దగ్గరి పల్లె, కూలి పని. రెండు నెలలుగా తలనొప్పి, కళ్లు మసకలు. పండుగకు ముందు రోజు తీసిన తల స్కానింగు పట్టుకుని సోమవారం హైదరాబాద్‌లో పెద్ద డాక్టర్‌కు చూపించాలి.

"నువ్వు లోపట కదిలినవమ్మా. బొమ్మ పాడైంది. మళ్ల తీయాలె" అన్నాడు నాగేందర్, కన్నార్పకుండా.

"కదల్లే బిడ్డా. ఊపిరి గూడ బిగవట్టిన." తనే తలవంచింది. "దగ్గొచ్చిందో ఏమో. నాదే తప్పు గావచ్చు, ఏమనుకోకు సారూ."

తప్పు చేసినవాడికి చేతులెత్తి మొక్కి, ఉత్త చేతులతో బస్సెక్కింది. భిక్షపతి అక్కడే ఉన్నాడు. నోరు విప్పలేదు. తన మీద తనకే రోత పుట్టి, మరునాడు ఉద్యోగం మానేశాడు. వారమైంది, ఆమె మళ్లీ స్కానింగుకు రాలేదని పాత తోటివాళ్లు చెప్పారు.

తన నోట విని ఇదంతా రాసుకుంటున్న నాది మారెమ్మ పక్క ఊరేనని తెలిసి భిక్షపతి నన్ను ఒక్కటే అడిగాడు.

"జర పోయి ఆమెను దవాఖానకు తోల్కపో తమ్మీ. నువ్వు కదల్లే అవ్వా, తప్పు మాది అని నా పేరు జెప్పి చెప్పు. నాకు పోయే మొఖం లేదు."