కొమ్ముల కంపెనీ, పుల్ల కంపెనీ

హ్యాంగర్లో అందరూ ఆయన్ని బోల్టు బాబాయి అంటారు. విమానాల మెకానిక్కు. బతుకంతా ఒకే కంపెనీ తయారుచేసిన విమానాల కడుపుల్లో దూరి గడిపాడు. వాటిలో పైలట్ మోకాళ్ల మధ్య కొమ్ముల్లాంటి స్టీరింగు ఉంటుంది. అందుకే అది కొమ్ముల కంపెనీ. పోటీ కంపెనీ వాళ్లు ఆ స్టీరింగే పీకేసి, సీటు పక్కన చిన్న పుల్ల పెట్టారు. అది పుల్ల కంపెనీ.

ఇన్నాళ్లూ రెండు రకాల విమానాలూ కొని నడిపిన ఎయిర్‌లైన్స్ యాజమాన్యం ఇకపై ఒక్కటే ఉంచుతుందట. ఏదో చెప్పదు. మెకానిక్కులు మాత్రం ఈ సాయంత్రంలోగా ఏదో ఒకదాని శిక్షణ ఎంచుకోవాలి. తప్పు గుర్రం ఎక్కితే ఉద్యోగం హుళక్కి. బేరం పైవాళ్లది, జూదం కిందివాళ్లది.

చూసి తేల్చుకుందామని బాబాయి పుల్ల విమానం ఎక్కాడు. ఆ విమానాల మెకానిక్కు, కళ్లజోడు అని అందరూ పిలిచే అమ్మాయి, కుడి సీట్లో కూర్చుని పుల్ల తిప్పుతోంది. ఎడమ సీట్లో బాబాయి తన పుల్ల వంకే చూస్తున్నాడు. అది ఉలకలేదు, పలకలేదు.

"ఆపమ్మా, ఆపు! బిగుసుకుపోయింది!" అంటూ కిటికీలోంచి తల బయటపెట్టి, కిందవాళ్లందర్నీ దూరం జరగమని కేకలేశాడు.

కళ్లజోడు పొట్ట పట్టుకుని నవ్వింది. "అయ్యో బాబాయ్, మా దాంట్లో ఒకటి తిప్పితే రెండోది కదలదు. దాని తీరే అంత."

"మరి పక్కవాడు ఏం చేస్తున్నాడో వీడికెలా తెలుస్తుంది? మా కొమ్ములు జంటగా కదుల్తాయి."

"ఇద్దరూ ఒకేసారి తిప్పితే విమానమే అరిచి చెప్తుంది. పైలట్ విమానాన్ని హద్దు దాటి వంచబోతే కంప్యూటరు వంచనివ్వదు. మీ దాంట్లో?"

"బలంగా లాగితే వింటుంది. మనిషిదే పైచేయి."

"మనిషి తప్పు చేస్తే?"

"యంత్రం తప్పు చేస్తే?"

ఎక్కేటప్పుడు గుప్పెడున్న బాబాయి అనుమానం దిగేటప్పటికి బస్తాడైంది.

ఇంటికి ఫోన్ చేశాడు. "చొక్కా రంగు తేల్చుకోడానికే మీకు పూట పడుతుంది," అంది భార్య. "అయినా కొనేవాళ్లకే తేలనిది మిమ్మల్నెందుకండీ అడగడం?"

ఆ మాట మనసులో ముల్లులా దిగింది. సాయంత్రం ఫోర్‌మన్ గదిలోకి వెళ్లాడు.

"కొమ్ములా, పుల్లా బాబాయ్?"

"రెండూ నేర్పండి."

"కుదరదు."

"అయితే ఏది ఉంచుతారో చెప్పండి."

"నాకు తెలిస్తే కదా! నువ్వు తేల్చకపోతే నేనే ఏదో ఒకటి రాసేస్తా."

"రాసుకోండి సార్. రేపు అది పోతే మాత్రం, నువ్వే ఎంచుకున్నావుగా అనకండి."

ఫోర్‌మన్ విసురుగా పెన్ను తీశాడు. కాసేపు కాగితం వైపు, కాసేపు కిటికీ వైపు చూశాడు.

"ఇంతకీ," అన్నాడు గొంతు తగ్గించి, "ఏది రాయమంటావు?"