సాయంత్రం ఫోన్ రాకపోతే

2023 వానాకాలం. టెక్కలి వైపు ఒక ట్రస్టు నడిపే డయాలసిస్ కేంద్రానికి సాఫ్ట్‌వేర్ సపోర్టు చూసే పని నాకు అప్పుడే అప్పగించారు. నేను పలాసలో ఉంటాను. సపోర్టు ఇంజినీరంటే ఏసీ గదిలో కూర్చునే ఉద్యోగమనుకుంటారు గానీ, సగం పని స్కూటరు మీద తిరగడం, మిగతా సగం తిట్లు తినడం. ఏ పేషెంటుకు ఏ రోజు ఏ మెషీనో మా సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది. టర్ను మారితే పేషెంటుకు తనే ఫోన్ చేసి, రికార్డు చేసిన గొంతుతో చెబుతుంది.

మా వైపు ఉద్దానం ఊళ్లలో కిడ్నీ జబ్బు సంగతి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. వారానికి రెండుసార్లు మెషీను ఎక్కితేనే బతుకు అనే మనుషులు ఆ వరండాలో కూర్చుని ఉంటారు. వాళ్లలో ఎర్రమ్మ ఒకావిడ. భావనపాడు దగ్గర మత్స్యకారుల పేట ఆమెది. భర్త కామయ్య పడవ మీద వేటకు వెళతాడు.

ఒక గురువారం సిస్టర్ పుష్ప ఫోన్ చేసింది. అక్కడ టర్నులు చూసేది ఆమే.

"మేడం, మీ సాఫ్ట్‌వేర్ ఫోన్లు సెయ్యడం మానేసిందేటి? ఎర్రమ్మ టర్ను నిన్నకి మార్సినాం. ఆమెకి తెలీదంట, ఇయాలొచ్చింది. ఒక మెషీను రిపేరు, మిగతావన్నీ ఫుల్లు. మనిషి ఊపిరాడక ఆయాసపడిపోతంది."

నేను వెళ్లేసరికి ఎర్రమ్మ బెంచీ మీద గోడకు చేరబడి ఉంది. మొహం ఉబ్బిపోయింది, ఒక్క మాట పూర్తి చేయలేకపోతోంది. కామయ్య పక్కన నిలబడి కనబడ్డవాళ్లందరికీ దండం పెడుతున్నాడు. నాకూ పెట్టాడు. ఆ దండం చూస్తే నాకు సిగ్గేసింది. చివరికి నిమ్మాడ నుంచి వచ్చిన ఒక పెద్దాయన లేచి, "నాను రేపొత్తాన్లే సిస్టరమ్మా, ముందు ఆయమ్మని ఎక్కించండి" అన్నాడు. డాక్టరు ఆయన్ని పరీక్షించి సరేనన్నారు. ఎర్రమ్మను మెషీను ఎక్కించారు. ఇంకొక రోజు ఆలస్యమై ఉంటే ఏమయ్యేదని నేను డాక్టర్ని అడగలేదు. అడగడానికి ధైర్యం చాల్లేదు.

అప్పుడు కంప్యూటరు ముందు కూర్చున్నాను. సాఫ్ట్‌వేర్ ఫోన్ చేయడం మానలేదు. చేసింది, కానీ బుధవారం పొద్దున చేసింది. అంతకు ముందు వరకూ ముందురోజు సాయంత్రమే చేసేది.

కారణం కాన్ఫిగరేషన్ ఫైల్లో దొరికింది. సాఫ్ట్‌వేర్ ఎలా నడుచుకోవాలో రాసిపెట్టిన సెట్టింగుల ఫైలు అది. ఫోన్ వేళకు సంబంధించిన సెట్టింగు పేరును కేంద్రంలో అప్పుడే ఎక్కించిన కొత్త వెర్షన్‌లో మార్చారు. పాత పేరుతో ఉన్న "ముందురోజు సాయంత్రం" అలాగే ఉంది, కానీ కొత్త వెర్షన్ దాన్ని పట్టించుకోవడం లేదు. కంపెనీ పెట్టిన డిఫాల్టు, అంటే మనమేమీ చెప్పకపోతే అదే తీసుకునే వేళ, టర్నుకు రెండు గంటల ముందు.

ఈ సంగతి అప్‌గ్రేడ్ నోట్స్‌లో లేకపోలేదు. కొత్త వెర్షన్‌తో పాటు ఏమేం మారాయో చెబుతూ కంపెనీ పంపే కాగితం అది. అందులో చివరి పేజీలో ఉంది: "రిమైండర్ షెడ్యూల్ సెట్టింగు పేరు మార్చబడింది. కస్టమ్ విలువలు వాడుతున్నవారు కొత్త పేరుకు మార్చుకోగలరు."

పుష్ప దాన్ని చదివింది కూడా. "మేమేటీ కస్టమ్ సెయ్యనేదు కదా మేడం, మనకి కాదనుకున్నాను" అంది. ఆమె చోట నేనున్నా అలాగే అనుకునేదాన్ని. కంపెనీ ఇచ్చినదాన్ని మార్చి మనకు కావలసినట్టు పెట్టుకోవడమే కస్టమ్; ఆ సాయంత్రం వేళ అలా పెట్టింది నాకు ముందున్న ఇంజినీరు, పుష్ప ఆ ఉద్యోగంలో చేరకముందు.

నాకు ఒళ్లు మండింది. నోట్స్ రాసే కిరణ్ మా కంపెనీ విశాఖపట్నం ఆఫీసులో ఉంటాడు. డయాలసిస్ కేంద్రం నుంచే అతనికి ఫోన్ చేశాను.

"నోట్స్‌లో రాశాం కదా మేడం" అన్నాడు.

"రాశారు. మార్చుకోకపోతే ఏమవుతుందో రాశారా?"

ఫోన్ స్పీకర్లో పెట్టి కామయ్య చేతికిచ్చాను.

"బాబూ, మాకున్నది ఒకటే ఫోను" అన్నాడు కామయ్య. "తెల్లారకుండా కవర్లో సుట్టుకోని నాతో సంద్రంలోకి అట్టుకెల్పోతాను. అక్కడ టవరెక్కడిది? సందేల ఇంటికాడుంటాది. సందేల ఫోనొత్తే టర్ను మారినట్టు. రాకపోతే మారనట్టు. మాకదే లెక్క. మొన్న సందేల రానేదు, అందుకే నిబ్బరంగా ఉన్నాం."

కిరణ్ మెల్లగా, "నోట్స్ మళ్లీ రాద్దాం మేడం, మీరు చెప్పండి" అన్నాడు. మంచివాడే, పాపం. పేట ఎప్పుడూ చూడలేదు, అంతే.

ఫోన్ మీదే ఇద్దరం కలిసి రాశాం. మొదటి వాక్యమే ఇలా పెట్టాం: "ఈ అప్‌గ్రేడ్ తర్వాత, ముందురోజు సాయంత్రం పేషెంట్లకు వెళ్లే ఫోన్లు ఆగిపోతాయి." దాని కింద: "మీరు ఏమీ మార్చలేదనుకున్నా సరే, ఈ ఫైలు తెరిచి ఈ పేరు ఉందేమో చూడండి. ఉంటే ఇలా మార్చండి. సరిపోయిందో లేదో మీ సొంత నంబరుకు ఒక ఫోన్ వెళ్లేలా చేసి చూసుకోండి." పంపే ముందు పుష్పకు చదివి వినిపించాను. ఆమె ఎక్కడ ఆగి "అంటే ఏటి?" అందో అక్కడల్లా మార్చాం. కస్టమ్ అనే మాట అసలు ఎగిరిపోయింది.

ఇంకొకటి కూడా చేశాం. ఇప్పుడు టర్ను మారినా మారకపోయినా ముందురోజు సాయంత్రం ఫోన్ వెళుతుంది. "మీ టర్ను రేపే, మార్పు లేదు" అని చెబుతుంది. ఫోన్ రాకపోతే ఏదో తేడా జరిగినట్టు, వెంటనే నాకు చెప్పమని పేషెంట్లందరికీ నా నంబరు ఇచ్చాం.

కొన్నాళ్లకు గాలివానకు టెక్కలిలో నెట్ పోయి, ఆ సాయంత్రం ఫోన్లు వెళ్లలేదు. మర్నాడు పొద్దున్నే తెలియని నంబరు నుంచి నాకు ఫోన్ వచ్చింది. పక్కింటివాళ్ల ఫోన్ అడిగి తీసుకుని ఎర్రమ్మే చేసింది.

"అమ్మా, నిన్న సందేల ఫోన్ రానేదు. ఏటయ్యింది? నానొచ్చెయ్యనా?"

టర్నుల జాబితా చూసి, "వచ్చేయమ్మా, మీ టర్ను ఇవాళే" అన్నాను.

అప్పటి నుంచి ఏ అప్‌గ్రేడ్ నోట్ నా చేతికొచ్చినా కొత్తగా ఏమొచ్చిందో తర్వాత చూస్తాను. ఎవరి ఇంట్లో ఏది వినబడకుండా పోతుందో ముందు వెతుకుతాను. మనం ఆపేసిన ఫోన్ అవతలివాళ్లకు ఆగిపోయినట్టు తెలియదు. అంతా బాగానే ఉందని నమ్మి వాళ్లు ఇంట్లో కూర్చుంటారు.