ఉయ్యాల కింద బురద

పదవీ విరమణ ఇంకా ఏడాదిన్నర ఉందనగా, ఒక ఏప్రిల్ నెల మొదట్లో నన్ను కొండాపూర్ వైపు పార్కులకు ఉద్యానవన అధికారిగా వేశారు. హైటెక్ సిటీ రోడ్ల మధ్య డివైడర్లలో పూలమొక్కల దగ్గర్నుంచి కాలనీ పార్కుల్లో పెద్ద చెట్ల దాకా అన్నీ ఆ పోస్టు కిందికే వస్తాయి. నా పైన డిప్యూటీ డైరెక్టరు, నా కింద సూపర్‌వైజర్లు, వాళ్ల కింద కాంట్రాక్టరు పంపే కూలీలు. మనిషిని బుట్టలో నిలబెట్టి పైకొమ్మల దాకా లేపే లిఫ్టు బండి మాత్రం మా అందరికీ కలిపి ఒక్కటే. ఎండాకాలంలో అది మన వంతుకు రావాలంటే ఓపిక ఉండాలి, పై వాళ్లతో పలుకుబడి ఉండాలి. నాకు మొదటిది కాస్త ఉండేది.

పార్కు ఆఫీసరంటే గులాబీలకు నీళ్లు పెట్టించేవాడని జనం అనుకుంటారు. నిజానికి మా ఉద్యోగంలో సగం భయపడటమే. చెట్టు నిలబడి ఉన్నన్నాళ్లూ మా గురించి ఎవరికీ తెలియదు. పడిన రోజున మాత్రం పేరుతో సహా అందరికీ తెలుస్తుంది. నేను స్వతహాగా పిరికివాణ్ణి కాబట్టి ఈ ఉద్యోగం నాకు బాగానే సరిపోయిందని మా ఆవిడ అంటుంటుంది.

కొండాపూర్‌లో అపార్టుమెంట్ల మధ్య ఒక చిన్న పార్కు. దాని నడిమధ్య పెద్ద నిద్రగన్నేరు చెట్టు. లేఅవుట్ వేసినప్పుడు నాటిందట, నేను వెళ్లేసరికి సగం పార్కుకు అదే గొడుగు. దాని కొమ్మల్లో ఒకటి, నా నడుమంత లావుది, అడ్డంగా సాగి పిల్లల ఉయ్యాలల మీదికి వచ్చింది. నీడ ఉంది కదా అని అక్కడ ఉయ్యాలలు పెట్టారు. ఎండ మండిపోయే మధ్యాహ్నం కూడా పిల్లలు అక్కడి నుంచి కదలరు.

మొదటిసారి వెళ్లినప్పుడే ఆ కొమ్మ నాకు నచ్చలేదు. ఎప్పుడో ఎవరో దాని మొదట్లో ఒక చిన్న కొమ్మను నరికి, మొండిని అలాగే వదిలేశారు. అలా వదిలేసిన మొండి మానదు. కుళ్లుతూ కుళ్లుతూ లోపలికి పోతుంది. అంతకుముందు వారం పడిన అకాల వానకు ఆ మొండి కింద చిప్పలాంటి పుట్టగొడుగు ఒకటి మొలిచింది. పొడవాటి వెదురుకు కొయ్య గుబ్బ బిగించి కొమ్మను తట్టి చూడటం మా పాత పద్ధతి. గట్టి చేవ ఉన్నచోట ఠంగుమంటుంది, లోపల పుచ్చితే డొబ్బుమంటుంది. కాండం అంతా ఠంగుమంది. ఆ కొమ్మ మొదలు డొబ్బుమంది.

గాలివానకు కొమ్మలు విరుగుతాయని అందరికీ తెలుసు. నిద్రగన్నేరు అలా కాదు. గాలి ఆడని మధ్యాహ్నం, ఆకు కదలనప్పుడు కూడా ఉన్నట్టుండి కొమ్మ వదిలేస్తుంది. ఎందుకో నాకు సరిగ్గా చెప్పగలిగినవాళ్లు మా శాఖలో దొరకలేదు. అందుకే ఆ పార్కు విషయంలో వాతావరణ సమాచారం చూసుకుని ధైర్యం తెచ్చుకోవడం కూడా కుదరలేదు.

చేయాల్సిన పని కష్టమైందేమీ కాదు. చెట్టు మొత్తం కొట్టేయాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి కానీ, కొమ్మ తీయడం మా చేతిలోని పనే. అయితే పుచ్చిన కొమ్మ మీదికి మనిషిని ఎక్కించలేను, లిఫ్టు బండి కావాలి. బండి కోసం డిప్యూటీ డైరెక్టరు గారికి ఫోన్ చేశాను. ఆయన కోస్తా వైపు మనిషి, ఎప్పుడూ గొంతు పెంచరు. ఎవరో పెద్దలు వస్తున్నారని బండిని మెయిన్ రోడ్ల మీదికి పంపారట, నెలాఖరు దాకా రాదట. నగరంలో మరోవైపు ఒక పార్కులో కొమ్మ విరిగి కారు మీద పడిందని, వానల్లోపు పెద్ద చెట్లన్నీ బోడి కొట్టించమని నోటిమాటగా ఆర్డరు కూడా ఉందన్నారు.

బోడి కొట్టడమంటే కొమ్మలన్నీ ఒకే ఎత్తులో నరికేసి చెట్టుకు గుండు చేయడం. చూసేవాళ్లకు పని జరిగినట్టే ఉంటుంది. రెండేళ్లలో ఆ మొండుల మీది నుంచి చీపుర్లలా కొత్త కొమ్మలు లేస్తాయి. వాటి పట్టు పైపైన బెరడు దగ్గరే ఉంటుంది, అవే ముందు విరుగుతాయి. ఇవాళ్టి భయాన్ని తర్వాత వచ్చే ఆఫీసరుకు అప్పజెప్పడమన్నమాట. అదే మాట కాస్త మర్యాదగా చెప్పాను.

"చూడండీ, ప్రమాదం అని రాయండి, రేపే మనుషుల్ని పంపి బోడి చేయించేస్తాను. లేదంటే ప్రమాదం లేదని రాయండి, ఆ బాధ్యత మీదవుతుంది. మధ్యరకంగా రాస్తే మాత్రం నేనేం చేయలేనండి" అన్నారాయన.

చెట్టు క్షేమం, కొమ్మ ప్రమాదం. ఆ మాట రాయడానికి ఆయన దగ్గర చోటు లేదు. ఫోన్ పెట్టేశాక రెండింటిలో ఏదీ రాయలేదు, బండికి మాత్రం నా వంతు రాయించుకున్నాను.

ఇక మిగిలింది ఉయ్యాలలు. చెట్టును కదపలేం కానీ ఉయ్యాలలను కదపొచ్చు కదా అనిపిస్తుంది. కానీ పార్కులో చెట్లు, గడ్డి, నీళ్లు మావి. ఉయ్యాలలు, బెంచీలు, నడకదారి ఇంజినీరింగ్ విభాగానివి. వాళ్లకు లేఖ పెట్టాను. ఎస్టిమేట్ వేయాలన్నారు. ఈలోపు ఉయ్యాలల గొలుసులు పైకి చుట్టి కట్టేయించాను. మర్నాడే వాళ్ల అసిస్టెంట్ ఇంజినీరు ఫోన్ చేసి, మా ఆస్తికి మీరెలా కట్లు కడతారని కడిగిపారేశాడు. విప్పించక తప్పలేదు. ఎర్ర టేపు చుట్టిస్తే సాయంత్రానికల్లా అది పిల్లల నడుములకు బెల్టులైంది. నిండా పెరిగిన చెట్టును కొట్టడానికి ఒక్క ఫోన్ చాలు, ఇనుప ఉయ్యాల జరపడానికి ఇంత తతంగం.

కాలనీ వాళ్లకు నేరుగా చెప్పకపోవడానికి కారణం ఉంది. చెట్టు మీద వాళ్లలో రెండు వర్గాలు. ఆకులు కార్ల మీద పడుతున్నాయి, కొట్టేయమనే వర్గానికి పుచ్చు అన్న మాట చెవిన పడితే చాలు, వెంటనే పైకి ఫోన్లు వెళ్తాయి. చెట్టును కాపాడాలనే వర్గానికి నాయకురాలు రాజేశ్వరి గారు. కర్నూలు వైపు ఆవిడ, ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరు, కాలనీ సంఘానికి కార్యదర్శి. అంతకుముందు ఏడాది గొడ్డళ్లతో వచ్చిన కూలీలను గేటు దగ్గరే నిలబెట్టి వెనక్కి పంపిన మనిషి. పరిచయమైన రోజే నాకు హెచ్చరిక చేశారు. "ఒక్క కొమ్మే అని మొదలుపెడతారు సార్, ఆనక చెట్టంతా మాయమైతాది. మేము శానా చూసినాము." ఆవిడ కూతురు శ్రీనిధికి ఏడేళ్లు. సెలవులు కావడంతో మధ్యాహ్నమంతా ఆ పిల్ల ఉయ్యాల మీదే.

నేను రోజూ ఏదో వంకతో ఆ పార్కుకు వెళ్లడం మొదలుపెట్టాను. వెళ్లి చేసేదేమీ లేదు, బెంచీ మీద కూర్చుని కొమ్మను చూడటమే. పార్కు ఊడ్చి నీళ్లు పెట్టే యాదమ్మది పాత కొండాపూర్ ఊరే. ఒకరోజు చీపురు ఆపి నవ్వింది.

"ఏంది సారూ, గిట్ల రోజు వచ్చి చెట్టు దిక్కే చూస్తవు? పిల్లనిస్తవా ఏంది దానికి?"

నవ్వలేకపోయాను. సంగతి ఆమెకు చెప్పాను. ఆమె కొమ్మ వైపు చూసి, ఉయ్యాలల వైపు చూసి, "మరి నీళ్లు నా చేతుల ఉన్నయి గని, ఉయ్యాల లేదు గద సారూ" అంది.

ఆమె మామూలుగా అన్నదే కానీ నాకు అక్కడే దారి కనిపించింది. ఉయ్యాల మాది కాదు, దాని కింద నేల మాది. పార్కు బోరు మాది. ఉయ్యాలల కింద పొద్దున్నే పైపు పెట్టి బురద చేయమన్నాను. బట్టలు ఖరాబవుతాయని తల్లులే పిల్లల్ని రానివ్వరు, బండి వచ్చేదాకా గడిచిపోతుందని నా లెక్క.

రెండు రోజులు బాగానే సాగింది. యాదమ్మ మాత్రం వచ్చేపోయేవాళ్లతో తిట్లు తిన్నది. అపార్టుమెంట్లలో ట్యాంకర్లు కొనుక్కుంటున్న రోజులవి. మూడో రోజు మధ్యాహ్నం నేను వెళ్లేసరికి గాలి స్తంభించి ఉంది. ఆకు కదలడం లేదు. ఉయ్యాలల దగ్గర కేకలు వినిపించాయి. శ్రీనిధి చెప్పులు విడిచి, మోకాళ్ల దాకా బురద పూసుకుని ఊగుతోంది. మిగతా పిల్లలు బురద ఎగజిమ్ముతూ వంతు కోసం కొట్లాడుకుంటున్నారు. తల్లుల సంగతి ఆలోచించాను కానీ, బురదంటే పిల్లలకు పండగని నాకు తట్టలేదు. ఉన్న ఆపదకు నేనే ఆకర్షణ కల్పించాను.

పరుగెత్తి వెళ్లి ఉయ్యాల గొలుసు పట్టుకున్నాను. దిగమ్మా అంటే ఆ పిల్ల దిగలేదు, "ఇంకొక్కసారి తాతా" అంది. నా తలపైన ఆ కొమ్మ. పైకి చూడాలంటే భయం, చూడకుండా ఉండలేను. పిల్లను అలాగే ఎత్తుకుని ఎండలోకి తెచ్చి దించాను. మిగతావాళ్లను యాదమ్మ పైపుతో తరిమింది. అప్పటికే రాజేశ్వరి గారు గేటు దగ్గర ఉన్నారు, చేతిలో ఫోన్, వీడియో తీస్తున్నారు.

"ఏమి సార్ ఇది? మేము నీళ్లు కొనుక్కుంటాంటే మీరు ఈడ బురద చేయిస్తాండారా? మళ్ల నా బిడ్డను ఎందుకు గుంజుతాండారు?"

యాదమ్మ దగ్గర ఉంచిన నా వెదురు తీసుకుని కాండం మీద తట్టాను. తర్వాత కొమ్మ మొదట్లో తట్టాను. ఆవిడ ఫోన్ దించారు. మళ్లీ తట్టమన్నారు. మూడోసారి వెదురు తానే తీసుకుని తట్టి, కూతురి బురద చేతిని గట్టిగా పట్టుకున్నారు.

అప్పుడు అన్నీ చెప్పాను. ప్రమాదం అని రాస్తే చెట్టుకు ఏమవుతుందో, రాయకపోతే ఏమవుతుందో, ఉయ్యాలల లేఖ ఎక్కడ ఆగిందో. ఆవిడ నిలబడే విన్నారు.

"ఇదంతా మొదట్నే చెప్పింటే ఏమయ్యేది సార్?" అన్నారు. కోపం తగ్గలేదు కానీ ఆలోచన మొదలైంది. "మీ లెటర్ కదలదు. కంప్లైంట్ అయితే కదులుతాది. ఉయ్యాలల కింద నీళ్లు నిలిచినాయి, పిల్లలు జారి పడ్తాండారు, ఉయ్యాలలు మార్చమని వీడియోతో పెడతా. చెట్టు మాటే రాయను. కానీ నీళ్లు ఎవరు పెట్టినారని అడుగుతారు. మీ మీదికి వస్తాది, పర్వాలేదా?"

పర్వాలేదన్నాను. పదవీ విరమణ ముందు మెమో అంటే ఏ ఉద్యోగికైనా పర్వాలేదని కాదు. పెన్షన్ కాగితాలకు అది ఎక్కడ అడ్డం పడుతుందోనని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కానీ కళ్లు మూసుకుంటే ఆ పిల్ల పాదాలు ఉయ్యాల మీద పైకి లేస్తూ కనిపించాయి. దాని ముందు మెమో చిన్నదే.

ఆ సాయంత్రం నుంచి ఉయ్యాలల దగ్గర తల్లుల్ని వంతులవారీగా కూర్చోబెట్టారు రాజేశ్వరి గారు. బురదలో కరెంటు వైరు ఉందేమో అన్న అనుమానాన్ని కాలనీ అంతా పాకించి, ఒక్క పిల్లను కూడా దగ్గరికి రానివ్వలేదు. నా లేఖకు కదలని ఇంజినీరింగ్ విభాగం ఆవిడ వీడియోకు రెండు రోజుల్లో మనుషుల్ని పంపి, ఉయ్యాలలను పెకలించి పార్కు అవతలి చివర పాతించింది. మూడో రోజు నాకు మెమో వచ్చింది, వేసవిలో నీరు వృథా చేసినందుకు సంజాయిషీ కోరుతూ. నీళ్లు పెట్టించింది నేనేనని, యాదమ్మకు సంబంధం లేదని జవాబిచ్చాను.

నెలాఖరుకు లిఫ్టు బండి వచ్చింది. కొమ్మను ఒక్క వేటుకు కోయకూడదు. కోస్తే బరువుకు బెరడు కాండం దాకా చీలుకుపోతుంది. కాండానికి కాస్త ఎడంగా ముందు కింది నుంచి సగం లోపు గాటు పెట్టాలి. దానికి ఇంకాస్త అవతల పై నుంచి కోసి, తాళ్లతో బరువు దించాలి. చివర మిగిలిన మొండిని, కొమ్మ మొదట్లో మెడలా ఉబ్బిన భాగం చెడకుండా తీయాలి. ఆ మెడే గాయాన్ని మూసుకొస్తుంది. దగ్గరుండి మూడు కోతలూ అలాగే చేయించాను. చెట్టు మిగతా భాగం మీద రంపం పడనివ్వలేదు.

దించిన కొమ్మ కోత చూడటానికి రాజేశ్వరి గారు వచ్చారు. మధ్యలో చిన్న గిన్నెంత నల్లటి గుల్ల. చుట్టూ ఇంకా గట్టి చేవ, బెత్తెడు మందాన.

"పడేదా సార్ ఇది?" అని అడిగారు.

తెలియదన్నాను. ఆ మధ్యాహ్నమే పడి ఉండొచ్చు, ఇంకో పదేళ్లు ఆగి ఉండొచ్చు. ఆవిడ కూతుర్ని పిలిచి ఆ గుల్లలో చెయ్యి పెట్టించారు. పిల్ల చెయ్యి మోచేతి దాకా లోపలికి పోయింది.

మెమో మీద హెచ్చరికతో సరిపెట్టారు. జరగని ప్రమాదానికి సాక్ష్యం చూపించలేం కాబట్టి, నా జవాబులో దాని ప్రస్తావన పెట్టలేదు. ఆ ఉదంతం తర్వాత పని చేసిన ఏడాదిన్నరలో నా పద్ధతి ఒకటి మారింది. అంతకుముందు చెట్టును చూసి, తర్వాత దాని కింద ఏముందో చూసేవాణ్ణి. అప్పట్నుంచి మొదట కింద చూడటం మొదలుపెట్టాను. ఎవరు కూర్చుంటారు, ఏ వేళకు వస్తారు, ఎంతసేపు ఉంటారు. పైకి చూడటం ఆ తర్వాతే. అనుమానం ఉంటే అక్కడికి వచ్చే మనుషులకు మొదటి రోజే చెప్పేసేవాణ్ణి.

ఒక మాట మిగిలింది. ఇంజినీరింగ్ వాళ్లు ఉయ్యాలలను కొత్తగా పాతింది ఒక పెద్ద కానుగ చెట్టు కింద. నీడ ఉంది కదా అన్నారు. నేను వెదురు తీసుకుని వెళ్లి కొమ్మ కొమ్మా తట్టాను. అన్నీ ఠంగుమన్నాయి. మర్నాడు మళ్లీ వెళ్లి తట్టాను.