భూపాల్ వేసిన లావో ఒకటి

జనగామలో కంప్యూటర్‌ను తానే కనిపెట్టినట్టు తిరిగిన మనిషి భూపాల్. బస్టాండు ఎదుట అతని టైపింగ్ దుకాణంలో, అతను కూర్చోకముందే కుర్చీ ఒక చుట్టు తిరిగి వంగి దండం పెట్టేదంటే మా మనవరాలు నమ్మదు. నమ్మకపోతే పోనీ. పెళ్లికార్డులో వరుడి పేరు చోట వాళ్ల నాయిన పేరు కొట్టినా భూపాల్ తప్పు ఒప్పుకున్న పాపాన పోలేదు. చదవడం రాని మీదే తప్పు అనేవాడు.

2010 ఏప్రిల్‌లో, తెలంగాణ కోసం మా చౌరస్తాలో సాగుతున్న రిలే దీక్షలు నూరో రోజుకు చేరాయి. శిబిరం నడిపే ఉపేందర్ సారు బ్యానర్ మీద నూరును తెలుగు అంకెల్లోనే వేయాలన్నాడు. మనది తెలుగే కాదని వెక్కిరించేవాళ్లకు అదే జవాబట. బాగా వస్తే మహబూబాబాద్, భూపాలపల్లి శిబిరాల పని కూడా నీకే, నలుగురు నవ్వితే మాత్రం మళ్లీ నీ గడప తొక్కనని భూపాల్‌కు తేల్చి చెప్పాడు.

చిక్కల్లా, ఆ మహానుభావుడికి తెలుగు అంకెలు తెలియవు. దుకాణంలో టైపు చేసే అండాలు అనే పిల్ల చూపిస్తానంటే, నాకు నేర్పేటంత దానివైనవా అని కసిరాడు. ఫాంట్ల పట్టిక తెరిచాడు. అందులో 'డోక్‌చంపా' అని ఒక పేరు కనపడింది. చంపా అంటే తెలుగే, కాకపోతే ఆంధ్రోళ్ల తెలుగు, మనమైతే చంపిన అంటం అని నవ్వుకొని అందులోకి దిగాడు. గుండ్రటి సున్న దొరికింది. దాని పక్కన నత్తగుల్లలా చుట్టుకున్నదే ఒకటి అనుకున్నాడు.

బ్యానర్ కట్టారు. అందరూ చప్పట్లు కొట్టారు. కాన్వెంటులో వన్, టూ, త్రీ తప్ప ఎరగని నేను, మా తాత ఒకటిని ఇట్లాగే రాసేవాడని అబద్ధం కూడా చెప్పాను. చదువుకున్న గొర్రెల మంద మాది.

రేగొండ నుంచి దీక్షకు వచ్చిన ఉప్పలమ్మ మాత్రం బ్యానర్‌ను చాలాసేపు చూసింది. వాళ్ల చర్చిలో ఆదివారం పాడే పాటల నంబర్లను ముప్పై ఏళ్లుగా పలక మీద తెలుగు అంకెల్లో రాస్తున్న మనిషి ఆమె.

"గిది ఒకటి కాదు బిడ్డా," అంది ఉపేందర్‌తో. "మన ఒకటి కడియం లెక్క నోరు తెరుచుకొని ఉంటది. గిది నత్త లెక్క ముడుసుకొని పన్నది."

భూపాల్ తడుముకోలేదు. ఇది కాకతీయుల నాటి ఒకటి, పల్లెటూరోళ్లకు తెలియదన్నాడు.

"కాకతీయులు నీ దుకాణంల టైపు కొట్టిచ్చుకున్నరా నాయినా?" అంది ఉప్పలమ్మ.

శిబిరం శిబిరమంతా దుకాణానికి నడిచింది. అండాలు తెర మీద అక్షరాల పట్టిక తెరిచి ఆ నత్త మీద నొక్కింది. కింద దాని పేరు వచ్చింది: లావో డిజిట్ వన్. కంప్యూటర్‌లో ప్రతి అక్షరానికీ, ప్రతి అంకెకూ ఒక సొంత నంబరు ఉంటుందని, తెలుగు పది అంకెలకు పది, లావో దేశపు పదింటికి వేరే పది ఉన్నాయని ఆ పిల్ల నెమ్మదిగా చెప్పింది.

"సున్నలన్న కరెక్టే గద," అన్నాడు భూపాల్.

అండాలు సున్న మీద నొక్కింది. లావో డిజిట్ జీరో. మన కంటికి ఒకటే, యంత్రానికి వేరు. మూడు అంకెలు వేసి మూడూ పరాయి దేశానివి వేసిన ఘనుడు మూడు జిల్లాల్లో ఇంకొకడు పుట్టలేదు.

అండాలు కీబోర్డును తెలుగుకు మార్చి, కుడివైపు ఆల్ట్ మీట పట్టుకొని ఒకటి నొక్కింది. తెర మీద కడియం పడింది.

"ఆఁ, గిది," అంది ఉప్పలమ్మ.

ఆ తరువాత మూడు ఊళ్ల బ్యానర్లూ అండాలే చేసింది, వేరే దుకాణంలో కూర్చొని. భూపాల్ కూడా ఊరుకోలేదు. వారం తిరగకముందే బోర్డు మార్చాడు: తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు, లావో టైపింగ్ చేయబడును. ఆ నాలుగో భాష కోసం ఇప్పటిదాకా ఒక్కరూ రాలేదు. మొదటి మూడింటి కోసం రావడం కూడా మానేశారు.