ఒత్తు కోసం ఆపిన నెల

2022. నయాపూల్ దగ్గర ఒక బట్టల దుకాణం పైన అద్దె గదిలో స్పానిష్ నేర్పేవాడిని. కింద బేరాల లొల్లి, పైన మా క్రియాపదాల లొల్లి. వచ్చేవాళ్ళంతా కాల్ సెంటర్ ఉద్యోగాల కోసం వచ్చేవాళ్ళే.

స్పానిష్ ప్రాణమంతా స్ట్రెస్‌లో ఉంది. అంటే పదంలో ఒక సిలబుల్‌ను మిగతావాటికన్నా ఒత్తి పలకడం. ‘కొంప్రో’లో మొదటిది ఒత్తితే ‘కొంటాను’, రెండోది ఒత్తితే ‘ఆయన కొన్నాడు’. మన తెలుగు నోటికి అన్ని అక్షరాలూ సమానమే కాబట్టి బల్ల మీద దెబ్బలు కొట్టి నేర్పేవాడిని. ఒత్తాల్సిన చోట గట్టి దెబ్బ. మాక్ కాల్‌లో, అంటే ఉత్తుత్తి ఫోన్ పరీక్షలో, ఒక్క స్ట్రెస్ తప్పినా ఇంటర్వ్యూకు పేరు పంపేవాడిని కాదు. ఆ పట్టుదల చూసుకుని నాకు మహా గర్వంగా ఉండేది.

కార్వాన్ బస్తీలో బర్రెలు పెట్టుకుని పాలు పోసే ఇంటి పిల్ల అనిత. ‘కొంప్రాబమోస్’ తప్ప అన్నీ వచ్చేవి. ‘కొనేవాళ్ళం’ అని దాని అర్థం. నాలుగు సిలబుల్స్‌లో రెండోది ఒత్తాలి, ఈమె మూడోది ఒత్తేది. పేరు ఆపేశాను.

“సార్, మా బాపుకు గొంతు ఆపరేషన్ అయింది. మాట పోయింది, మనిషి గూడ మస్తు చిక్కిండు. నా నౌకరి కాయితం సూడాల్నని పలక మీద రాసి సూపిస్తున్నడు. ఈసారి పంపుర్రి సార్.”

“ఇంకో నెల ఆగమ్మా, ఫికర్ చెయ్యకు. నెలలో ఏం మునిగిపోతది?” అన్నాను.

ఆమె మళ్ళీ బల్ల ముందు కూర్చుంది. నెల తర్వాత ఒక్క తప్పు లేకుండా చెప్పింది, ఇంటర్వ్యూ కూడా నెగ్గింది. ఆఫర్ లెటర్ మా సెంటర్‌కే వచ్చింది. సంబరంగా ఫోన్ చేస్తే ఎత్తలేదు. నాలుగు రోజులకు తనే వచ్చింది.

“బాపు పోయిండు సార్. మీరు ఫోన్ జేసిననాడే, పొద్దుగాల.”

కుర్చీ ముందుకు జరిపాను. కూర్చుని ఆమే చెప్పింది.

“నేను ఇంట్ల దెబ్బలు కొట్టుకుంట సదువుతుంటె, నాకంటె ముందు బాపుకే వచ్చింది సార్ ఆ ‘కొంప్రాబమోస్’. నేను తప్పు పలికితే మంచంల పండుకునే పాలక్యాన్ మీద కొట్టి సూపిస్తుండె. రెండోది గట్టిగ.”

లెటర్ చేతికిచ్చాను. “థాంక్స్ సార్” అంది. నాలుగు తిట్టినా బాగుండేది. ఏడుపొచ్చింది. ఆమె ముందు ఏడ్చే హక్కు నాకు లేదనిపించి కిటికీ వైపు తిరిగాను.

ఆ ఒక్క తప్పుతో పలికినా ఆమె మాట ఏ కస్టమర్‌కైనా అర్థమయ్యేది. ఆ సంగతి నాకు అప్పుడూ తెలుసు. ఇప్పుడు మాట అర్థమైతే చాలు, పేరు పంపేస్తున్నాను. మిగతాది ఉద్యోగంలో నేర్చుకుంటారు. ఇంట్లో పరిస్థితి ఏమిటని కూడా ముందే అడుగుతున్నాను. అనితను అడగాల్సిన పని లేకపోయింది. తనే చెప్పింది. ఇంకో నెల ఆగమన్నది నేను.